వాక్యూమ్ పంపును ఆఖరున ఎంచుకోండి

సంపాదక మహాశయా,

ఆర్థిక సంవత్సరం చివరికి వచ్చేసరికి డిగ్రీ, పీజీ కళాశాలల బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ విభాగాల్లో కొనుగోళ్ల హడావిడి మొదలవుతుంది. మార్చి 31లోగా ఖర్చు పెట్టకపోతే నిధులు మురిగిపోతాయన్న తొందరలో ఇండెంట్‌లో (కొనుగోలు కోరిక పత్రంలో) ఒక వాక్యం చేరుతుంది: ‘వాక్యూమ్ ఫిల్ట్రేషన్ సెట్, పంపుతో సహా – 1’. పంపుతో గాలి లాగి ద్రవాన్ని సన్నని వడపోత పొర గుండా దించే సామాను ఇది. ఏ ద్రవం వడకట్టాలి, ఒక విడతకు ఎంత, ఏ మెంబ్రేన్ (వడపోత పొర), ఏ సీసాలోకి అన్న వివరం ఒక్కటీ ఉండదు. ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్‌లో తక్కువ ధర వేసినవారికి ఆర్డర్ వెళ్తుంది. వచ్చిన సామాను నాసిరకం కాకపోవచ్చు, కానీ ఆ ల్యాబ్ పనికి పొసగదు. ల్యాబ్ ద్రవాలను వడపోతతో స్టెరైల్ (సూక్ష్మజీవులు లేకుండా) చేయడమే మా పని కాబట్టి, ఇండెంట్ రాసే అధ్యాపకులకూ కొనుగోలు కమిటీలకూ నాలుగు విషయాలు చెప్పదలిచాం.

ముందు తేల్చుకోవలసింది అసలు వడకట్టాలా అన్నది. పీడనంతో కూడిన ఆవిరితో వేడిచేసే ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల వేడికి నిలిచే ద్రవాన్ని ఫిల్టర్ చేయడం దండగ ఖర్చు. న్యూట్రియెంట్ బ్రాత్, సెలైన్, ఫాస్ఫేట్ బఫర్, అరటి టిష్యూ కల్చర్‌కు వాడే ఎంఎస్ (మురాషిగే–స్కూగ్) పోషక మీడియం ఆటోక్లేవ్‌కే వెళ్లాలి. సీరం, ట్రిప్సిన్, గ్లుటమిన్, ఆంపిసిలిన్, యూరియా, జిబ్బరెల్లిక్ ఆమ్లం, బైకార్బొనేట్ కలిపిన సెల్ కల్చర్ మీడియం లాంటివి వేడికి చెడిపోతాయి. వీటికి వడపోతే దారి. అందులోనూ 50 మి.లీ. లోపు యాంటీబయోటిక్ స్టాక్‌కో (చిక్కటి నిల్వ ద్రావణానికో), హార్మోన్ స్టాక్‌కో వాక్యూమ్ అక్కర్లేదు. సిరంజికి తగిలించే చిన్న ఫిల్టర్ సరిపోతుంది. చాలా డిగ్రీ కళాశాలల అవసరం అంతటితో తీరిపోతుందని, పంపే కొననక్కర్లేదని మా అభిప్రాయం. వంద మి.లీ. దాటి, లీటరు రెండు లీటర్ల వరకు తరచుగా చేసే చోటే వాక్యూమ్ సెట్‌కు అర్థం ఉంది.

తర్వాత మెంబ్రేన్. డబ్బు పోయేదీ, ప్రయోగం పాడయ్యేదీ ఎక్కువగా ఇక్కడే. రంధ్రం సైజు 0.22 మైక్రాన్లు ఉండాలి. కొన్ని కంపెనీలు 0.2 అని రాస్తాయి, వాడకంలో రెండూ ఒకటే. 1960ల వరకు 0.45 మైక్రాన్ ఫిల్టర్ చాలనుకునేవారు. బ్రెవుండిమోనాస్ డిమిన్యూటా అనే చిన్న బ్యాక్టీరియా అందులోంచి జారిపోతోందని తేలాకే 0.22 ప్రమాణమైంది. నేటికీ ఫిల్టర్‌ను ఆ బ్యాక్టీరియాతోనే పరీక్షిస్తారు. చదరపు సెంటీమీటరుకు కనీసం కోటి చొప్పున పోసినా అవతలికి ఒక్కటీ రాకూడదు. స్పెసిఫికేషన్‌లో ‘స్టెరిలైజింగ్ గ్రేడ్’ అని స్పష్టంగా రాయమనేది అందుకే. మైకోప్లాస్మా అనే అతిచిన్న బ్యాక్టీరియా మాత్రం 0.22 గుండా దూరిపోగలదు, ఆ భయం ఉన్న సెల్ కల్చర్ ల్యాబ్‌లు 0.1 మైక్రాన్ అడగాలి. వైరస్‌లు, ఎండోటాక్సిన్లు (బ్యాక్టీరియా విషాలు) ఈ రెంటిలో దేనికీ ఆగవు.

రంధ్రం సైజు రాసి మెంబ్రేన్ దేనితో తయారైందో రాయకపోవడం సర్వసాధారణం. హైదరాబాద్ చుట్టుపక్కల ఫార్మా ల్యాబ్‌లలో హెచ్‌పీఎల్‌సీ అనే రసాయన విశ్లేషణ యంత్రంలో పారే ద్రవాన్ని (మొబైల్ ఫేజ్) వడకట్టడానికి 47 మి.మీ. నైలాన్ మెంబ్రేన్లు విరివిగా వాడతారు కాబట్టి సరఫరాదారు దగ్గర అవే సిద్ధంగా ఉంటాయి. వివరం అడగకపోతే వచ్చేదీ అవే. నైలాన్ ప్రొటీన్‌ను పట్టేసుకుంటుంది. ప్రొటీన్ పలచగా ఉన్న ద్రవానికి దెబ్బ మరీ ఎక్కువ: మిల్లీలీటరుకు నానోగ్రాముల లెక్కన కలిపిన గ్రోత్ ఫ్యాక్టర్‌లో (కణాలను పెంచే ప్రొటీన్‌లో) చాలా భాగం మెంబ్రేన్ మీదే ఉండిపోవచ్చు. ద్రవం స్వచ్ఛంగా, స్టెరైల్‌గా కనిపిస్తుంది, కణాలు మాత్రం పెరగవు. తప్పు ఎక్కడుందో తెలియక ఇంక్యుబేటర్‌నూ, సీరంనూ అనుమానిస్తూ నెలలు గడిచిపోతాయి. సెల్యులోజ్ నైట్రేట్‌దీ అదే గుణం. అది నీటిలో బ్యాక్టీరియా లెక్కించే పనికి మంచిది, ప్రొటీన్ ద్రవాలకు కాదు. మీడియాకు, సీరం ఉన్న ద్రవాలకు పీఈఎస్ (పాలీఈథర్ సల్ఫోన్) అడగండి. దీంతో ద్రవం త్వరగా దిగుతుంది, ప్రొటీన్‌ను తక్కువ పట్టుకుంటుంది. సెల్యులోజ్ అసిటేట్ కూడా ప్రొటీన్‌ను పెద్దగా పట్టుకోదు, కాకపోతే కాస్త నిదానం. డీఎంఎస్‌ఓ అనే ద్రావణిలో కరిగించిన మందులను ఈ రెంటిలో పోయకండి, మెంబ్రేన్ దెబ్బతింటుంది. దానికి నైలాన్ గానీ, ద్రవాల కోసం చేసిన పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్) గానీ కావాలి.

వైశాల్యం కూడా ముఖ్యమే. 47 మి.మీ. డిస్క్‌లో నిజంగా పనిచేసే భాగం 13 చదరపు సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. తేట బఫర్ లీటరైనా దిగుతుంది గానీ సీరం అయితే కొద్దిసేపటికే మూసుకుపోతుంది. అప్పుడు వాక్యూమ్ పెంచితే లాభం లేదు, పైన పేరుకున్న పొర ఇంకా గట్టిపడుతుంది. మెంబ్రేన్ మీద గ్లాస్ ఫైబర్ ప్రీఫిల్టర్ వేయాలి, లేదా ముందు 0.8, తర్వాత 0.45 గుండా పంపి చివరగా 0.22 వాడాలి. 90 మి.మీ. హోల్డర్ తీసుకుంటే వైశాల్యం నాలుగు రెట్లకు పైగా పెరుగుతుంది. సెల్ కల్చర్ వారు ఇంకో సులువు పాటించవచ్చు. కొన్న సీరం ఎటూ స్టెరైల్‌గానే వస్తుంది కదా, బేస్ మీడియంను మాత్రమే ఫిల్టర్ చేసి సీరంను స్టెరైల్ గాలి వీచే క్యాబినెట్‌లో తర్వాత కలుపుకోవాలి. ఫిల్టర్ మూసుకుపోదు, ప్రొటీనూ నష్టపోదు.

హోల్డర్ విషయంలో రెండు దారులున్నాయి. ఒకటి సీసా మూతికి బిగించే వాడిపారేసే బాటిల్-టాప్ ఫిల్టర్. స్టెరైల్‌గా ప్యాక్ అయి వస్తుంది, ఖరీదు ఎక్కువ. మీ సీసాల మూతి 33 మి.మీ.దో 45 మి.మీ.దో చూసి ఆర్డర్ చేయాలి. మిగుల్చుకుందామని దీన్ని కడిగి ఆటోక్లేవ్ చేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది, దయచేసి మానండి. దాని గరాటు సాధారణంగా పాలీస్టైరీన్. 121 డిగ్రీలకు వంకరపోతుంది, అతుకు దగ్గర కంటికి కనిపించని సందు పడుతుంది.

రెండోది పదేపదే వాడుకునే గాజు, పాలీసల్ఫోన్ లేదా స్టీల్ హోల్డర్. విద్యార్థుల చేత చేయించడానికి ఇదే మేలు. కానీ దీని పనితనమంతా అమర్చే తీరులో ఉంది. మెంబ్రేన్ పెట్టెలో తెల్లటి డిస్క్‌ల మధ్య రంగు కాగితాలు ఉంటాయి, నీలం రంగువి ఎక్కువ. కొత్తవాళ్లు ఆ కాగితాన్నే మెంబ్రేన్ అనుకుని పెట్టేస్తారు. ద్రవం చకచకా దిగిపోతే సంతోషించకండి, ఆపి చూడండి. మెంబ్రేన్‌ను మొన చదునుగా ఉన్న ఫోర్‌సెప్స్‌తో అంచు పట్టుకుని ఎత్తాలి. సపోర్ట్ స్క్రీన్ మీద మధ్యకు వచ్చేలా పరిచి, డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి, గరాటు పెట్టి క్లాంప్‌ను వదులుగానే తగిలించాలి. అల్యూమినియం ఫాయిల్ చుట్టి 121 డిగ్రీల వద్ద 20 నిమిషాలు ఆటోక్లేవ్ చేసి, ఆవిరిని నెమ్మదిగా వదలాలి. ఒక్కసారిగా వదిలితే మెంబ్రేన్ చిరుగుతుంది. ముందే గట్టిగా బిగిస్తే వేడికి ముడతపడి అంచు దగ్గర కారుతుంది. పూర్తిగా చల్లారాక, క్యాబినెట్ లోపల క్లాంప్ బిగించాలి. వడపోత మొదలుపెట్టాక వచ్చే తొలి కొద్ది మి.లీ. పారబోయడం మంచిది, మెంబ్రేన్ తడిగుణం కోసం పూసిన పదార్థాలు అందులో వస్తాయి.

కింద ఏ సీసా పెడుతున్నారన్నది కేవలం సౌకర్యం సంగతి కాదు, ప్రాణభద్రత సంగతి. కోనికల్ ఫ్లాస్క్‌కు, మామూలు రీజెంట్ బాటిల్‌కు వాక్యూమ్ పెట్టకూడదు. లోపలికి పగిలితే గాజు ముక్కలు ముఖం మీదికి వస్తాయి. మందపాటి గోడలుండి, పక్కన గొట్టం ఉన్న సైడ్-ఆర్మ్ ఫ్లాస్క్ గానీ, వాక్యూమ్‌కు పనికొస్తుందని తయారీదారు రాసిచ్చిన సీసా గానీ వాడాలి. గీత, గంటు కనిపించిన గాజును పక్కన పెట్టాలి, కళ్లద్దాలు తప్పనిసరి. వీలైతే వడకట్టిన ద్రవాన్ని నిల్వ ఉంచే సీసాలోకే నేరుగా దిగేలా చూసుకోండి. ఫ్లాస్క్‌లో పట్టి మళ్లీ సీసాలోకి ఒంపే ప్రతిసారీ కంటామినేషన్‌కు తలుపు తీసినట్టే.

ఇవన్నీ తేలాక పంపు. ఇండెంట్లలో మాత్రం ఇదే మొదట వస్తుంది, అదీ ‘అత్యధిక వాక్యూమ్’ అన్న కోరికతో. వాక్యూమ్ ఎంత లోతుగా ఉన్నా ద్రవాన్ని నెట్టేది బయటి వాతావరణ పీడనమే, అంతకు మించి బలం రాదు. విశాఖలో అది 760 మి.మీ. పాదరసం. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది కాబట్టి ఇక్కడ 710 దరిదాపుల్లోనే ఉంటుంది. గేజ్ 760 చూపడం లేదని పంపు తిప్పి పంపిన సందర్భాల్లో తప్పు పంపుది కాదు. వడపోతకు గేజ్ మీద 500 నుంచి 600 వస్తే చాలు. దానికి నూనె అక్కర్లేని డయాఫ్రం పంపు, నిమిషానికి 15–20 లీటర్ల గాలి లాగేది సరిపోతుంది. నూనెతో నడిచే రోటరీ వేన్ (తిరిగే రెక్కల) పంపు ఈ పనికి వద్దు. నీటి ఆవిరి నూనెలో కలిసి అది పాలలా తెల్లబడుతుంది, లోపలి భాగాలు తుప్పుపడతాయి, పొగలా వచ్చే నూనె తుంపర గదిలో చేరుతుంది. పైగా అంత లోతు వాక్యూమ్ హానికరం. 30 డిగ్రీల వద్ద సీసాలో మిగిలిన పీడనం 42 మిల్లీబార్లకు (దాదాపు 32 మి.మీ. పాదరసం) దిగితే నీరు మరగడం మొదలుపెడుతుంది. కుళాయికి తగిలించే వాటర్ ఆస్పిరేటర్ చౌకే గానీ నీళ్లు ధారాళంగా పోతాయి, కుళాయి పీడనం తగ్గితే నీరు వెనక్కి ఎక్కుతుంది.

కాబట్టి పంపుతో పాటు గేజ్, వాక్యూమ్ తగ్గించుకునే వాల్వ్ తప్పక అడగండి. వాల్వ్ లేకపోతే ఏమవుతుందో సెల్ కల్చర్ మీడియం రంగే చెబుతుంది. పీహెచ్‌ను బట్టి రంగు మారే ఫినాల్ రెడ్ ఉన్న మీడియం ఎర్రగా గరాటులోకి వెళ్లి కింద సీసాలో ఊదా గులాబీ రంగులోకి తిరుగుతుంది. వాక్యూమ్ కార్బన్ డయాక్సైడ్‌ను లాగేయడంతో పీహెచ్ పెరిగిందన్నమాట. సీరం ఉంటే నురగ కూడా పొంగి సైడ్-ఆర్మ్‌లోకి చేరి, అక్కడ పంపు వైపు గొట్టంలో ఉండే గాలి ఫిల్టర్‌ను తడిపేస్తుంది, వడపోత ఆగిపోతుంది. వాక్యూమ్ తగ్గించి నిదానంగా లాగడం, ద్రవం అయిపోగానే ఆపడం, సీసా నిండుగా ఉంచి మూత బిగించడం దీనికి విరుగుడు.

సీసాకూ పంపుకూ మధ్య పొంగి వచ్చే ద్రవాన్ని పట్టే ఒక ట్రాప్ ఫ్లాస్క్, దాని తర్వాత నీటిని రానివ్వని 0.2 మైక్రాన్ల పీటీఎఫ్‌ఈ గాలి ఫిల్టర్ ఉండాలి. గొట్టం మందపాటి వాక్యూమ్ రబ్బరుదే కావాలి, పలచటి సిలికాన్ గొట్టం అణిగి మూసుకుపోతుంది. ఆపేటప్పుడు వాల్వ్ తెరిచి గాలిని మెల్లగా లోపలికి వదిలి, ఆ తర్వాతే స్విచ్ ఆపాలి. గొట్టాన్ని ఒక్క ఊపున పీకితే బయటి గాలి స్టెరైల్ సీసాలోకి దూసుకెళ్తుంది. అందుకే సీసా సైడ్-ఆర్మ్‌కు దూది గానీ, గాలి ఫిల్టర్ గానీ ఉండి తీరాలి.

ఇంకో సంగతి. ఫిల్టర్ చిరగలేదని నిరూపించే బబుల్ పాయింట్ పరీక్షకు (తడి మెంబ్రేన్ గుండా గాలి బుడగలు వచ్చే పీడనాన్ని చూసే పరీక్షకు) 0.22 మెంబ్రేన్ విషయంలో 3 బార్‌లకు పైగా పీడనం కావాలి. వాక్యూమ్ ఒక బార్‌ను (దాదాపు వాతావరణ పీడనాన్ని) మించజాలదు కనుక ఈ సెట్‌తో ఆ పరీక్ష కుదరదు. మనుషులకో పశువులకో ఎక్కించే ద్రవాల పని ఉన్నవారు వాక్యూమ్ వదిలి పీడనంతో నెట్టే హోల్డర్లు కొనాలి. చిక్కటి సీరంకు కూడా అదే మేలు.

సామాను వచ్చాక బిల్లు పాస్ చేసేముందు రెండు పరీక్షలు చేయండి. మొదటిది లీకు పరీక్ష: మెంబ్రేన్ లేకుండా గరాటు మూతికి రబ్బరు బిరడా వేసి పంపు నడిపి, గేజ్‌కూ పంపుకూ మధ్య గొట్టాన్ని నొక్కి మూసి ఐదు నిమిషాలు గేజ్ ముల్లును గమనించండి. ముల్లు జారితే ఏదో అతుకు కారుతున్నట్టు. రెండోది: 500 మి.లీ. సోయాబీన్ కేసిన్ బ్రాత్‌ను ఆటోక్లేవ్ చేయకుండా కలిపి, మీ విద్యార్థులు చేసే పద్ధతిలోనే వడకట్టండి. పక్కనే వడకట్టని బ్రాత్ 10 మి.లీ. కూడా ట్యూబులో ఉంచి, రెంటినీ 30–35 డిగ్రీల వద్ద వారం పెట్టండి. వడకట్టనిది మసకబారి, వడకట్టినది తేటగా నిలిస్తే బిల్లు మీద సంతకం చేయవచ్చు. రెండూ మసకబారితే సరఫరాదారును పిలిచి, ఆయన చేత్తోనే మరోసారి చేయించండి. సామానుదా తప్పు, అమరికదా అన్నది అప్పుడు తేలుతుంది.

ఇట్లు,
ప్రయోగశాల సాంకేతిక సిబ్బంది,
హైదరాబాద్