పాత బండికి కార్బరేటర్ మార్చే ముందు

ఎడిటర్ గారికి నమస్కారం,

మా తిరుపతిలో ఇప్పుడు ఏ షెడ్డు ముందర చూసినా పాత బుల్లెట్లూ ఆర్ఎక్స్ 100లే, కుర్రోళ్ళు ఆశపడి కొంటున్నారు, కొన్న నెలకే ఉన్న కార్బరేటర్ (ఇంజన్‌లోకి పోయే గాలిలో పెట్రోలు కలిపే భాగం) పీకేసి పెద్దది వేయించేస్తున్నారు. అదే పని నేనూ చేసి ఏడాది పాటు అవస్థ పడినా కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నా.

మాది మా నాయన 1991లో కొన్న బుల్లెట్ 350, దానికి వచ్చింది మిక్‌కార్బ్ అనే కార్బరేటర్, గాలి పోయే దారి 24 ఎంఎం వెడల్పు. రెండేళ్ళ కిందట ఐడ్లింగ్ నిలబడక సిగ్నల్ దగ్గర ఆగిందంటే బండి ఆఫ్ అయిపోయేది. షెడ్డులో మెకానిక్ "500 బండికొచ్చే 28 వేద్దాం సామీ, పికప్ అదిరిపోతాది" అంటే సరే అన్నా. నాలుగు ఎంఎమ్మే కదా అనుకుంటాం గానీ లెక్కేస్తే గాలి పోయే దారి మూడో వంతు కంటే ఎక్కువే పెరుగుతుంది, ఇంజన్ మాత్రం అదే 346 సీసీ, అది పీల్చే గాలీ అంతే, దారి వెడల్పయ్యేసరికి తక్కువ స్పీడులో గాలి జోరు తగ్గి పెట్రోలు సన్నటి తుంపర కాకుండా బొట్లుబొట్లుగా లోపలికి పోతుంది. హైవేలో పూర్తిగా తిప్పితే కొంచెం తేడా తెలిసేది, లేదని చెప్పను. ఊర్లో మాత్రం ముప్పై ఐదు ఇచ్చే బండి ఇరవై ఆరుకి పడిపోయింది. పొల్యూషన్ చెక్‌లో 2000కి ముందు బండ్లకి పొగలో సీఓ (కార్బన్ మోనాక్సైడ్) 4.5 శాతం దాటకూడదు, నాది ఆరు దాటింది.

కొండకి పోయేటప్పుడైతే ఇంగా అన్యాయం. అలిపిరి దాటి ఘాట్ ఎక్కినాక ఎవరూ యాక్సిలేటర్ పూర్తిగా తిప్పరు, పావు నుంచి సగం మధ్యలోనే ఆడుతుంది చెయ్యి. అక్కడ పెట్రోలు కొలిచేది నీడిల్ అనే సన్నటి సూది, ముప్పావు దాటినాకనే మెయిన్ జెట్ (జెట్ అంటే పెట్రోలు వచ్చే చిన్న రంధ్రం ఉండే ముక్క) పని, చెయ్యి వదిలేస్తే పైలట్ జెట్. మా మెకానిక్ ఏమో మెయిన్ జెట్ ఒకటే మార్చి మార్చి చూసినాడు, రోగం ఒకచోట మందు ఒకచోట. పైకి పోయేకొద్దీ గాలి పలచనై మిక్చర్ ఇంకా రిచ్ అవుతుంది కదా, అంటే పెట్రోలు పాలు ఎక్కువవుతుంది, మలుపు మలుపుకీ బండి గుక్క పట్టేది.

చివరికి చిత్తూరులో ఒక పెద్దాయన దగ్గరికి పాత కార్బరేటర్ సంచిలో వేసుకోని పోయినా. ఆయన కిరసనాయిల్లో కడిగి, గాలి దారిని తెరిచి మూసే స్లైడ్ బయటికి తీసి నా చేతిలో పెట్టి "గోరుతో గీరి చూడు నాయనా" అన్నాడు. ఒక పక్క గాడి పడి గోరు ఆడ తగులుకుంటా ఉంది. ఆ సందులో నుంచి గాలి దూరుతుంటే ఐడ్లింగ్ ఎట్లా నిలబడుతుంది! బాడీ బాగానే ఉందని స్లైడూ నీడిలూ కొత్తవి వేసి, నీడిల్ క్లిప్ నడిమి గాడిలో పెట్టి, ఎయిర్ స్క్రూ మొత్తం మూసి ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పినాడు. కాణిపాకం రోడ్డులో కొంతదూరం సమానంగా నడిపించి, క్లచ్ పట్టి ఇంజన్ ఆపించి అక్కడికక్కడే స్పార్క్ ప్లగ్ ఇప్పి చూపించినాడు, అచ్చం కాఫీపొడి రంగు. మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, సున్నం మాదిరి తెల్లగా ఉంటే తక్కువ, ఆ తెల్లదే ఇంజన్‌కి ప్రమాదం.

ఆర్ఎక్స్ 100 పిల్లోళ్ళు ఇది బాగా వినాల. అది టూ స్ట్రోక్, పెట్రోలుతో పాటు ఆయిల్ కూడా ఇంజన్ లోపలికి పోవాల, పైగా ఆయిల్ పంపుకి పోయే కేబుల్ యాక్సిలేటర్ కేబుల్ నుంచే ఒక పాయగా విడిపోయి వస్తుంది. ఆన్‌లైన్‌లో తెప్పించిన కార్బరేటర్ బిగించి ఆ కేబుల్ సరిగ్గా సెట్ చేయకుంటే, మీరు యాక్సిలేటర్ తిప్పినంతగా ఆయిల్ రాదు. జెట్ కూడా చిన్నదైతే పిస్టన్ పట్టేస్తుంది, ఘాట్‌లో దిగేటప్పుడు వెనక చక్రం లాక్ అయితే ఏమవుతుందో ఆలోచించండి, ఇంట్లో అమ్మానాయన ఎదురుచూస్తా ఉంటారు.

ఇంకో సంగతి. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత జెట్లకి మిక్చర్ లీన్ అవుతుంది (పెట్రోలు పాలు తగ్గుతుంది), పాత రబ్బర్లు ఉబ్బుతాయి, బండి వారాల తరబడి నిలబెడితే కార్బరేటర్‌లో పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నెలో నీళ్ళు చేరతాయి. అందుకే మాన్యువల్లో ఉన్న నంబరు జెట్టే వేసినాం కదా అని ఊరుకోకుండా ప్లగ్ రంగు చూసుకోవాల, తెల్లగా వస్తే జెట్ ఒక సైజు పెంచుకోవాల.

డూప్లికేట్ జెట్ల సంగతి చెప్పకుండా ఉండలేను. నేను కొన్న రెండింటి మీదా సైజు 90 అనే ఉంది, వెలుతురుకి పెట్టి ఒకే తీగ దూర్చి చూస్తే ఒకదాంట్లో పోయింది, ఇంకోదాంట్లో పోలేదు. పార్టుల షాపులోళ్ళు ఇట్లాంటివి అమ్మకుండా ఆపాల, ఐటీఐల్లో మెకానిక్ పిల్లోళ్ళకి ఇంజెక్షన్ బండ్లతో పాటు కార్బరేటర్ ట్యూనింగ్ కూడా చేతులతో చేయించి నేర్పాల, ఎందుకంటే 2020లో బీఎస్ 6 పొగ నిబంధనలు వచ్చినాక కొత్త బండ్లకి దాదాపు కార్బరేటరే లేదు, తెలిసిన పెద్దోళ్ళు ఒక్కొక్కరే షెడ్లు మూసేస్తున్నారు. మీ పేపర్లో వారానికోసారి బండ్ల గురించి వేసే పేజీలో ఆ పెద్దోళ్ళ చేత నాలుగు ముక్కలు చెప్పించండి సార్, ముందుగా ప్లగ్ రంగు చూసేది ఎట్లాగో ఫోటోలతో వేయండి.

ఇట్లు,
ఒక పాత బుల్లెట్ ఓనరు,
కొర్లగుంట, తిరుపతి.