హార్బిన్ దాజియేకు, ఖమ్మం తమ్ముడికి, చీటీ రాసిచ్చిన దైఫుకు

బాపు కుడిచేతికి కట్టుతోనే చైనా నుంచి సోలాపూర్ ఇంటికి చేరాడు. చేరిన రోజు నుంచి చుట్టాలు, వాడకట్టు జనం వచ్చి చూసిపోతున్నారు. అందరిదీ ఒకటే మాట: "అరవై ఏడేళ్ల మనిషిని ఆ చలిలకు ఎందుకు తీస్కపోయినవ్ బిడ్డా?" ఎందుకు పోయామో, అక్కడ మమ్మల్ని ఎవరు కడుపులో పెట్టుకుని చూసుకున్నారో రాసేదాకా నాకు మనసున పట్టదు. పేర్లు పెట్టొద్దని వాళ్లే అన్నారు. అందుకే ఇందులో పేర్లు ఉండవు.

మా తాత కరీంనగర్ వైపు నుంచి మిల్లు పనికని సోలాపూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మా వాడలో చాలా ఇళ్లు అట్లా వచ్చిన పద్మశాలీలవే. బాపు నలభై ఏళ్లు చద్దర్లు నేశాడు. ఈ ఊళ్లోనే 1910లో డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్ పుట్టాడు. జపాన్‌తో యుద్ధంలో ఉన్న చైనాకు 1938లో మన దేశం నుంచి ఐదుగురు డాక్టర్లు వెళ్లారు. నలుగురు తిరిగొచ్చారు, ఆయన రాలేదు. అక్కడే గాయపడ్డ సైనికులకు ఆపరేషన్లు చేస్తూ, అక్కడి అమ్మాయినే పెళ్లి చేసుకుని, 1942 డిసెంబర్ 9న ముప్పై రెండేళ్లకే కన్నుమూశాడు. ఆయన సమాధి బీజింగ్‌కు దక్షిణాన షిజియాజువాంగ్ అనే ఊళ్లో ఉంది. బాపు చిన్నప్పుడు బడిలో విన్న కథ ఇది. అమ్మ పోయాక ఒకరోజు నేను "ఎక్కడికన్నా పోదామా బాపూ" అంటే తిరుపతి అంటాడు, కాశీ అంటాడు అనుకున్నాను. "కోట్నీస్ డాక్టర్ దగ్గరికి పోదాం, ఒక చద్దరు కప్పొద్దాం" అన్నాడు.

ఎలాగూ అంత దూరం పోతున్నాం కదా అని ముందు బీజింగ్, తర్వాత మంచు ఊరు హార్బిన్, తిరుగు ప్రయాణంలో షిజియాజువాంగ్ అని వేసుకున్నాను. నాకు సెలవులు దొరికింది డిసెంబర్‌లోనే.

బీజింగ్ గురించి ఎక్కువ రాయను. రాజప్రాసాదం చూశాం, చైనా గోడ ఎక్కాం, గడ్డకట్టిన షిచాహాయ్ చెరువు మీద జనం కుర్చీలకు ఇనుప పట్టీలు బిగించుకుని జారుతుంటే గంటసేపు నిలబడి చూశాం. ప్రాసాదానికి వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి: టికెట్ పాస్‌పోర్ట్ నంబరుతో ముందే బుక్ చేసుకోవాలి, సోమవారం మూసేస్తారు. బాపుకు మాత్రం ప్రాసాదం కంటే దుకాణాల గుమ్మాల మీదే కన్ను. ఉత్తర చైనాలో చలికాలం ప్రతి గుమ్మానికీ దూది కుట్టిన బరువైన పరదా వేలాడుతుంది, మన బొంతను నిలబెట్టినట్టు. దాన్ని భుజంతో తోసుకుని లోపలికి పోవాలి. బాపు ప్రతి పరదా దగ్గరా ఆగి, రెండు వేళ్ల మధ్య బట్టను నలిపి, కుట్టు ఎంత దగ్గరగా పడిందో చూసేవాడు. "వీళ్లకు చలి సంగతి తెలుసు" అన్నాడు.

హార్బిన్‌కు బుల్లెట్ రైల్లో ఐదు గంటలు పట్టింది. దిగేసరికి మైనస్ 24. ముక్కులో వెంట్రుకలు కూడా గడ్డకడతాయని అక్కడే తెలిసింది.

డిసెంబర్ 20 సాయంత్రం. సెంట్రల్ స్ట్రీట్ మీద నడుస్తున్నాం. 1924లో రొట్టెల్లాంటి రాళ్లు నిలువుగా పాతి వేసిన వీధి అది, వందేళ్లుగా నడిచిన కాళ్లకు నున్నగా అయిపోయింది. అక్కడ ఏమీ కాలేదు. పక్క సందులోకి తిరగ్గానే తొక్కుడుపడి అద్దంలా అయిన మంచు మీద బాపు కాలు జారింది. కుడిచెయ్యి ఆనించి పడ్డాడు. లేపి చూస్తే మణికట్టు వంకరగా ఉంది. బాపు అరవలేదు. "ఏం కాలే, ఏం కాలే" అంటున్నాడు గానీ పెదాలు తెల్లబడ్డాయి.

నేను ఫోన్ తీశాను. ఆరిపోయి ఉంది. అరవై శాతం చార్జింగ్ ఉన్న ఫోన్, చలికి చచ్చిపోయింది. అక్కడ డబ్బు కట్టాలన్నా ఫోనే, టాక్సీ పిలవాలన్నా ఫోనే, నాకు రాని భాషలో ఒక్క ముక్క అడగాలన్నా ఫోనే. చుట్టూ దీపాలు, పాటలు, వేలమంది జనం. నేను తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో ఏదేదో అంటూ ఏడుస్తున్నాను.

ఎదురుగా పుల్లలకు గుచ్చిన ఎర్ర పళ్ల మీద పాకం పోసి అమ్మే చిన్న దుకాణం ఉంది. తాంగ్‌హులు అంటారు వాటిని. ఆ దుకాణంలోంచి, పరదాను తోసుకుని, యాభై ఏళ్ల ఆవిడ ఒకరు పరుగెత్తుకొచ్చారు. నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. బాపు ఎడమ చంక కింద చెయ్యి వేసి లోపలికి నడిపించి, గోడకున్న వేడి గొట్టం పక్కన కూర్చోబెట్టారు. ఒక అట్టపెట్టె చింపి, బాపు చేతి కింద పెట్టి, తన మెడలోని ఉన్ని గుడ్డతో కదలకుండా కట్టారు. ఆ కట్టు తర్వాత ఆసుపత్రిలో చూసినవాళ్లు "బాగా కట్టారు" అన్నారు. అప్పుడు నా చేతిలోంచి ఫోన్ తీసుకున్నారు. నువాన్ బావ్‌బావ్ అని ఒకటుంటుంది, అంటే వెచ్చని పాపాయి. గాలి తగిలితే వేడెక్కే చిన్న సంచీ, అక్కడ అందరూ బట్టల మీద అంటించుకుని తిరుగుతారు. దాన్ని ఫోన్ వెనకాల అంటించి, ఫోన్‌ను తన కోటు లోపల గుండెకు ఆనించి పెట్టుకున్నారు. పది నిమిషాలకు ఫోన్ వెలిగింది. నేను తెరిచిన అనువాదంలో ఆవిడ మాట్లాడిన మొదటి మాట: "మీ నాన్న మా నాన్న. పదండి."

దాజియే అంటే అక్క. నేను ఆవిడను ఆ రాత్రి నుంచి అట్లాగే పిలిచాను.

దుకాణం మూసేశారు. శనివారం సాయంత్రం, వ్యాపారం బాగా నడిచే వేళ, పొయ్యి మీద పాకం ఉంది, దించేసి మూసేశారు. టాక్సీ పిలిచారు. అక్కడి ఆసుపత్రిలో ముందు పేరు రాయించుకుని డబ్బు కట్టి చీటీ తెచ్చుకోవాలి, ఎక్స్‌రే ఫొటోకు మళ్లీ కట్టాలి, కట్టుకు మళ్లీ కట్టాలి. నా కార్డు లింకు అక్కడ ఎంతకీ పనిచేయలేదు. అన్ని చోట్లా దాజియే తన ఫోన్‌తోనే కట్టారు. మర్నాడు ఆ డబ్బు లెక్కగట్టి ఇస్తే ఆసుపత్రిది తీసుకున్నారు, టాక్సీది మాత్రం నా జేబులోనే తిరిగి కుక్కారు.

ఈలోగా వరంగల్‌లో ఉన్న నా స్నేహితురాలికి మెసేజ్ పెట్టాను. ఆమె ఎవరిని అడిగిందో, వాళ్లు ఎవరిని అడిగారో, ఇరవై నిమిషాల్లో ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. "అక్కా, నేను ఇక్కడే మెడిసిన్ చదువుతున్నా, మాది ఖమ్మం. ఏ ఆసుపత్రి? వస్తున్నా." పరీక్షలు నడుస్తున్నాయట అతనికి. ఆ మాట రెండు రోజుల తర్వాత గానీ తెలియలేదు. వస్తూనే బాపు ముందు మోకాళ్ల మీద కూర్చుని "బాపూ, భయపడకు, ఎముక జర పక్కకు జరిగింది, గుంజి సరిచేస్తరు, నేనున్నా" అన్నాడు. అంతసేపూ గట్టిగా ఉన్న బాపు ఆ తెలుగు వినగానే ఏడ్చేశాడు. పక్కన దాజియే కూడా కళ్లు తుడుచుకున్నారు. ఆమెకు ఏ మాటా అర్థం కాలేదు, అయినా.

ఎముక సరిచేసి కట్టు వేసిన డాక్టరుగారు పెద్దాయన. ఉత్తరాది జనం డాక్టరును దైఫు అంటారు. ఇంకా ఎన్ని రోజులు తిరుగుతారు, ఇంటికి వెళ్లిపోవచ్చుగా అని ఆయన తమ్ముడి ద్వారా అడిగారు. నేనూ అదే అనుకుంటున్నాను. బాపు ఒప్పుకోలేదు. "ఆడికి పోకుండ ఇంటికి రాను. వచ్చిందే దానికోసం" అన్నాడు. తమ్ముడు విషయం చెప్పాడు, మేం కోట్నీస్ ఊరివాళ్లం అని. చైనాలో ఆయన పేరు కె దిహ్వా. చివర ఉన్న హ్వా అంటే చైనా. వచ్చిన ఐదుగురు డాక్టర్లూ తమ పేర్ల చివర ఆ అక్షరం చేర్చుకున్నారు. ఆయనకు కొడుకు పుడితే యిన్‌హ్వా అని పెట్టారు, యిన్ అంటే ఇండియా.

దైఫు కలం పక్కన పెట్టి బాపును కాసేపు అట్లాగే చూశారు. "కె దైఫు ఊరా?" అన్నారు. మందుల చీటీ వెనక పెద్దపెద్దగా మూడు అక్షరాలు రాసి, కింద శ్మశానవాటిక పేరు రాసి, బాపు ఎడమ చేతిలో పెట్టారు. షిజియాజువాంగ్‌లో టాక్సీవాళ్లకు ఇది చూపిస్తే చాలన్నారు. ప్రయాణంలో చెయ్యి గుండె కంటే పైన ఉంచాలని, వేళ్లు నీలంగా మారితే ఏ ఊళ్లో ఉంటే ఆ ఊళ్లో వెంటనే చూపించుకోవాలని రెండుసార్లు చెప్పారు.

మర్నాడు డిసెంబర్ 21. అక్కడ దాన్ని దోంగ్‌జి అంటారు, ఏడాదిలో అన్నిటికంటే పొద్దు చిన్నదైన రోజు. ఉత్తరాన ఆ రోజు ప్రతి ఇంట్లో జియావ్‌జి తింటారు, మన కజ్జికాయల్లా మడిచి నీళ్లలో ఉడికించేవి. పాతకాలం వైద్యుడు జాంగ్ జోంగ్‌జింగ్ చలికి చెవులు పుండ్లు పడ్డ పేదవాళ్ల కోసం వాటిని చెవి ఆకారంలో చేయించాడని చెప్పుకుంటారు. ఆ రోజు తినకపోతే చెవులు గడ్డకట్టి రాలిపోతాయని పిల్లలను బెదిరిస్తారట. పొద్దున తొమ్మిదింటికి దాజియే మా హోటల్ గదికి డబ్బా నిండా తెచ్చారు, క్యాబేజీ, గుడ్డు పెట్టి. బాపు కుడిచేత్తో తినలేడని, పుల్లలు పట్టుకోవడం రాదని ఆలోచించి, ఇంట్లోంచి స్టీలు చెంచా కూడా తెచ్చారు.

ఇంకోటి కూడా తెచ్చారు. కట్టు మీద బాపు జాకెట్ చెయ్యి ఎక్కడం లేదని రాత్రే చూశారు. వాళ్లాయనది పాత ఆకుపచ్చ కోటు, లోపలంతా దూది, సైన్యంలో వేసుకునే రకం, చేతులు ఇంత వెడల్పు. బాపుకు తొడిగి, గుండీలు తానే పెట్టి, వెనక్కి జరిగి చూసి నవ్వారు.

ఆ కోటుతోనే 23 రాత్రి తమ్ముడు మమ్మల్ని మంచు దీపాలకు తీసుకెళ్లాడు. బాపు ఒక చెయ్యి తను పట్టుకుని, ముందు తన కాలు వేసి చూసి, తర్వాత బాపును అడుగు వేయించాడు. ఐస్ వరల్డ్‌లో కోటలు, గోపురాలు అన్నీ సోంగ్‌హ్వా నదిలోంచి కోసిన మంచు దిమ్మలే. డిసెంబర్‌లో నది గట్టిపడ్డాక రంపాలతో కోసి లారీల్లో తెస్తారు. 1963లో జావోలిన్ పార్కులో మంచు దీపాలు పెట్టడంతో మొదలై, 1985 నుంచి ఏటా పండగలా జరుగుతోంది. అంతకుముందు జాలర్లు రాత్రి వేట కోసం బకెట్లో నీళ్లు గడ్డకట్టించి, మధ్యలో గుంత చేసి కొవ్వొత్తి పెట్టుకునేవాళ్లట. బాపుకు ఆ కోటలన్నిటికంటే బకెట్ దీపం కథ నచ్చింది. చేతి పని చేసినవాడు కదా.

26న షిజియాజువాంగ్. హార్బిన్ నుంచి బీజింగ్ తూర్పున దిగి, పడమటి స్టేషన్‌కు ఊరంతా దాటి పోవాలి. సామాను నేను మోయలేకపోతుంటే ఇద్దరు కాలేజీ పిల్లలు అడగకుండానే మోసిపెట్టి, మా రైలు డబ్బా ఎక్కడ ఆగుతుందో ఆ గీత దగ్గర నిలబెట్టి వెళ్లారు. వాళ్ల ముఖాలు కూడా సరిగ్గా చూడలేదు. మీకూ దండం.

చీటీ చూపించాం. టాక్సీ అతను చదివి, ఇంకేమీ అడగకుండా తలూపాడు. లోపల డాక్టర్ బెథూన్ సమాధి కూడా ఉంది, కెనడా నుంచి వచ్చి 1939లో చైనాలోనే పోయినాయన. ఆయన పేరు పెట్టిన ఆసుపత్రికే కోట్నీస్ మొదటి డైరెక్టర్. చెట్లన్నీ ఆకులు రాలి, ఎండ పలచగా ఉంది. కాపలా చూసే ఆవిడకు నేను ఫోన్లో అనువాదం చూపించి, చద్దరు కప్పొచ్చా అని అడిగాను. ఆవిడ ఎవరికో ఫోన్ చేశారు. చాలాసేపు మాట్లాడారు. తర్వాత తానే ముందు నడిచి, రాతి మీది ఎండుటాకులు చేత్తో తీసేశారు.

బాపు ఎడమచేత్తో చద్దరు విప్పలేకపోయాడు. ఒక కొస ఆవిడ పట్టుకున్నారు, ఒక కొస నేను. మా మగ్గం మీద నేసిన చద్దరు అది, అంచుకు నెమలి. బాపు మరాఠీలో ఏదో చెప్పుకున్నాడు ఆయనతో. నేను అడగలేదు.

దాజియేకు, ఆమె భర్తకు, దైఫుకు, ఖమ్మం తమ్ముడికి, అతన్ని కని పెంచిన అమ్మానాన్నలకు, వరంగల్ స్నేహితురాలికి, కాపలా ఆవిడకు మా ఇంటి తరఫున చేతులెత్తి నమస్కారం. ఎవరింటి మనిషో తెలియని మా బాపును మీరు మీ ఇంటి మనిషిలా చూసుకున్నారు. తమ్ముడూ, నీ పరీక్షలు ఎట్లా రాశావో ఇంకా చెప్పలేదు, ఫోన్ చెయ్యి.

కట్టు వచ్చే వారం విప్పుతారు. సోలాపూర్‌లో ఎండ మొదలవుతోంది, అయినా ఆకుపచ్చ కోటు ఇంకా బాపు మంచం మీదే ఉంది. దాజియే ఇంటికి జోడు చద్దర్లు పంపాలని బాపు పక్కింటి మగ్గం దగ్గర కూర్చుని, తన చెయ్యి రాక, నోటితోనే చెప్పి నేయిస్తున్నాడు. సెలవులకు వచ్చిన తమ్ముడు తిరిగి వెళ్లేటప్పుడు తీసుకెళ్తానన్నాడు. ఏ రంగు కావాలని నిన్న దాజియేను అడిగాను. తన దుకాణంలో పాకం పోసిన పళ్ల ఫొటో పంపారు. ఎరుపే పెట్టమన్నాడు బాపు.