సూట్‌కేసు ఇంకా తలుపు పక్కనే ఉంది

ఇర్వింగ్, టెక్సాస్
2025 జూలై 20

ఒరేయ్ శీనూ,

అమెరికాలో ఎవరొచ్చి పిల్లల్ని కన్నా పౌరసత్వం ఇచ్చేయాలా అని ఫోన్లో నువ్వడిగినదానికి అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. పక్కనే మా అత్తయ్య ఉంది. ఈ మాట ఎత్తితే చాలు, ఆవిడ దేవుడి పటం ముందు కూర్చుంటోంది. వచ్చే నెల్లోనే డెలివరీ. మేమిద్దరం హెచ్-1బి ఉద్యోగ వీసా మీదే ఉన్నాం.

జనవరి 20న ట్రంప్ సంతకం పెట్టిన ఆర్డరు ప్రకారం, 30 రోజుల తర్వాత మాలాంటివాళ్ళకి పుట్టే పిల్లలకి పౌరసత్వం రాదు. మూడు రోజులకే సియాటిల్ జడ్జి ఆపేస్తే హమ్మయ్య అనుకున్నాం. జూన్ 27న సుప్రీంకోర్టు, జిల్లా జడ్జిలు అలా దేశమంతటికీ ఆపడం కుదరదంది. అసలు ఆర్డరు చెల్లుతుందా లేదా అన్నది తేల్చలేదు. ఇక కేసు వేసిన రాష్ట్రాల్లోనే ఆగుతుందేమో అని మా భయం. ఆ 22 రాష్ట్రాల్లో న్యూజెర్సీ ఉంది, టెక్సాస్ లేదు. ఆ రాత్రే మా ఆవిడ న్యూజెర్సీలో ఉన్న వాళ్ళ పిన్నికి ఫోన్ చేసి, "పురుటికి మీ ఇంటికి రానా?" అని అడిగింది. సూట్‌కేసు కూడా సర్దేసింది. జూలై 10న న్యూహాంప్‌షైర్ జడ్జి ఇలాంటి పిల్లలందరినీ ఒకే కేసు కింద చేర్చి మళ్ళీ ఆపాడు. సూట్‌కేసు మాత్రం విప్పలేదు.

"ఎవరొచ్చి కన్నా ఇచ్చేయాలా?" అన్నావు. గొడవంతా ఇక్కడ పుట్టినవాళ్ళకి పౌరసత్వం ఇచ్చే 1868 నాటి రాజ్యాంగ 14వ సవరణలో "అమెరికా అధికార పరిధికి లోబడి" అన్న ముక్క మీదే. అమెరికాలోనే పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ అనే చైనా వాళ్ళబ్బాయి ఆ సవరణతోనే 1898లో సుప్రీంకోర్టులో పౌరసత్వం గెలుచుకున్నాడు. వాళ్ళమ్మానాన్నలు ఇక్కడే స్థిరపడ్డవాళ్ళు, మీరు వీసా మీద వచ్చినవాళ్ళు అంటారు అవతలివాళ్ళు. బొత్తిగా పస లేని వాదన అనను. కానీ పన్ను కడుతున్నాను, మొన్న స్పీడు టికెట్టూ కట్టాను. ఇంకెలా లోబడాల్రా?

నచ్చకపోతే రాజ్యాంగం మార్చుకోవాలి. రెండు సభల్లో మూడింట రెండొంతులు, 50 రాష్ట్రాల్లో 38 ఒప్పుకోవాలి. ఐర్లాండు 2004లో జనాన్నే ఓటు అడిగి మార్చుకుంది. సంతకంతో అయ్యే పనా ఇది?

మన దగ్గర మామూలు చట్టంతోనే మారిపోయింది, అది వేరే సంగతి. 1987 జూలై 1కి ముందైతే ఇండియాలో పుడితే చాలు. మనం 1990 వాళ్ళం కదా, మనకి పౌరసత్వం వచ్చింది గుంటూరులో పుట్టినందుకు కాదు, అమ్మానాన్నల వల్ల! ఇది చెబితే మా ఆవిడ నమ్మలేదు.

అమెరికా పాస్‌పోర్టు ఫారం, ఇండియన్ కాన్సులేటులో పుట్టుక నమోదు ఫారం రెండూ ప్రింటు తీసి పెట్టాను. రెండింట్లోనూ పేరు గడి ఖాళీ. నక్షత్రం తెలిసేదాకా పేరు ఎత్తొద్దంటోంది అత్తయ్య.

నీ
రాంబాబు