డబ్బాకి చిల్లు ఎక్కడ పెట్టాలంటే

చిట్టితల్లీ,

బాల్కనీలో కూరగాయలు వేస్తానన్నావుగా, కుండీలు కొనకు. మీ ఇంట్లో ఉన్న పెయింట్ డబ్బాలు, పాల ప్యాకెట్లు చాలు.

20 లీటర్ల డబ్బాలో ఒక్క టమాటా మొక్కో, ఒక్క వంగ మొక్కో పెట్టు, రెండు వద్దు. గోడలకు వేసే నీళ్ల రంగు డబ్బా అయితే శుభ్రంగా కడిగి వాడొచ్చు. ఎనామిల్ రంగువి, పురుగుమందువి ఎంత కడిగినా వద్దే వద్దు. చిల్లులు అందరూ అడుగునే పెడతారు. డబ్బా గచ్చుకి ఆనుకున్నాక అవి మూసుకుపోయి, నీళ్లు నిలిచి వేళ్లు కుళ్లుతాయి. ఆకులు వాడిపోతే నీళ్లు చాలలేదనుకుని ఇంకా పోస్తాం, దాంతో మొక్క పోతుంది. అందుకని అడుగుకి అర అంగుళం పైన, పక్కల చుట్టూ, చిటికెన వేలు పట్టేంతవి ఐదారు పెట్టు. కాల్చిన చువ్వతో గుచ్చితే సులువు. పొగ వస్తుంది, ఆరుబయట చేయాలి. ఆ పని అల్లుడుగారికి అప్పజెప్పు. లోపల చిల్లులకు అడ్డంగా కొబ్బరి పీచు పెడితే మట్టి కారదు. కింద రెండు ఇటుకలు ఎత్తు పెట్టు.

డబ్బాలో నింపే మట్టికి రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరి పొట్టు, డబ్బాకి గుప్పెడు వేపపిండి. పచ్చి పేడ వేస్తే వేడికి వేళ్లు మాడతాయి. పైన రెండు అంగుళాలు వెలితి ఉంచు, లేకపోతే పోసిన నీళ్లు పొర్లిపోతాయి. తడిమట్టితో డబ్బా పాతిక కిలోల దాకా తూగుతుంది, అన్నీ రెయిలింగు వైపు కాకుండా గోడ వారగా పెట్టు.

అర లీటరు పాల ప్యాకెట్లు నారుకి. కింది రెండు మూలలూ కత్తిరించి మట్టి నింపు. టమాటా, వంగ, మిరప నారు నెల లోపు డబ్బాలోకి మార్చాలి. బీర, సొర వేళ్లు కదిలితే ఓర్చుకోవు, రెండు మూడు ఆకులప్పుడే ప్యాకెట్టుని బ్లేడుతో చీల్చి మట్టిగడ్డతో సహా దించు.

బియ్యం కడుగు ఏ రోజుది ఆ రోజే మొక్కలకు పోసెయ్. నిలవుంచితే కంపు, ఈగలు. ఉప్పు పడిన గంజి మాత్రం పొయ్యకు. గుడ్డు పెంకులు ఎండబెట్టి మిక్సీ పట్టి వేసుకో, కానీ మట్టిలో కరగడానికి నెలలు పడుతుంది. టమాటా కాయ అడుగున నల్లబడితే పెంకుల పొడి కుమ్మరించకు, నీళ్లు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ కాకుండా చూడు. కుండీల్లో చాలాసార్లు కారణం అదే.

ఊరెళ్లేటప్పుడు నీళ్ల సీసా మూతకి పిన్నుతో చిల్లు పెట్టి, తలకిందులుగా మట్టిలో గుచ్చు. అడుగు కోయడం మరిచిపోకు, గాలి చొరబడకపోతే చుక్క దిగదు. మూతకి పాత నూలు గుడ్డ చుట్టు, మట్టి అడ్డుపడకుండా. లీటరు సీసా ఒకట్రెండు రోజులకు మించి రాదు, వారం వెళ్తుంటే పక్కింటావిడకి చెప్పి వెళ్లు.

మీ అమ్మ