నేను పంపిన ఉప్పు డబ్బా

డల్లాస్
మే 11

అమ్మా,

ఫోన్‌లో చెప్తుంటే నాయిన మధ్యలో అందుకుని "నాకేం కాలేదురా" అంటాడు, మాట అక్కడికే ఆగిపోతుంది. అందుకే కాగితం మీద రాసి, ఫోటో తీసి తమ్ముడికి పంపుతున్నా. వాడితో చదివించుకో. నాయిననూ పక్కన కూర్చోబెట్టు.

ముందు ఒక పని చెయ్యి. మొన్న పండుగకు పంపిన ఉప్పు డబ్బా వంటింట్లోంచి తీసెయ్యి. తప్పు నాదే. 'సోడియం తక్కువ' అని పెద్ద అక్షరాలు చూసి, నాయిన బీపీకి మంచిదని సంబరంగా కొన్నా. కిడ్నీ సమస్య ఉంటే డాక్టరును అడగాలని వెనక చిన్న అక్షరాల్లో ఉంది, అది చదవలేదు. తమ్ముడు పంపిన రిపోర్టులో పొటాషియం 5.8 చూశాకే తిప్పి చూశా. అది 3.5 నుంచి 5 మధ్య ఉండాలి.

నాయినకు ఇట్లా చెప్పు. బత్తాయి చెట్లకు వేసే ఎర్ర పొటాష్ ఉంది కదా, అది పొటాషియం క్లోరైడే. నా డబ్బాలో సగం అదే, శుద్ధి చేసి తెల్లగా చేసింది. చెంచాడు ఉప్పులో దాదాపు 1,400 మిల్లీగ్రాముల పొటాషియం, అంటే మూడున్నర అరటిపండ్లంత.

పొటాషియం విషమేం కాదు. గుండె కొట్టుకోవాలన్నా, కండరం కదలాలన్నా అది కావాలి. పెద్దవాళ్లకు రోజుకు కనీసం 3,510 మిల్లీగ్రాములు తిండిలో అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. బీపీని కూడా తగ్గిస్తుంది. కాకపోతే ఎక్కువైనదాన్ని బయటికి పంపాల్సింది కిడ్నీలు. కిడ్నీలు ఎట్లా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ నాయినకు ముందే 1.8, అంటే ఎక్కువే. పైగా ఆయన వేసుకునే బీపీ గోలీ టెల్మిసార్టాన్, బీపీతో పాటు పొటాషియం బయటికి పోవడాన్ని కూడా తగ్గిస్తుంది. తూము సగం మూసుకుపోయిన మడికి రాత్రంతా మోటరు పెట్టినట్టయింది. ఆ మోటరు నేను పంపిన డబ్బా.

ఇది పెరిగితే నొప్పీ జ్వరమూ లేకుండానే గుండె లయ తప్పొచ్చు. అందుకే "నాకేం కాలేదు" అన్న మాట నేను నమ్మను. రేపు పొద్దున్నే మిర్యాలగూడ తీసుకుపొమ్మని తమ్ముడికి చెప్పు. డాక్టరుకు డబ్బా చూపించి, ఈసీజీ తీయించి, రక్తం మళ్లీ పరీక్ష చేయించాలి. రక్తం తీసేటప్పుడు కణాలు పగిలినా అంకె ఎక్కువ చూపిస్తుందట, అట్లా అయితే బాగుండు. బీపీ గోలీ మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. గుండె దడ వచ్చినా, కాళ్లు చేతులు సత్తువ లేకుండా అయినా తెల్లారేదాకా ఆగకండి.

డాక్టరు సరే అనేదాకా నాయినకు కొబ్బరినీళ్లు, బత్తాయి రసం వద్దు. సొంత తోట పెట్టుకుని తాగొద్దంటే కోపం వస్తుంది, తెలుసు. రెండు తొనలు తినడం వేరు, నాలుగు పండ్లు పిండిన గ్లాసు వేరు. ఆలుగడ్డను సన్నగా కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబొయ్యి. పొటాషియం కొంత పోతుంది. "సారమంతా పారబోయమంటావా" అంటావు. నాయిన గిన్నె వరకే అమ్మా. చింతపండులో కూడా పొటాషియం బాగానే ఉంది. పచ్చిపులుసు సంగతి ఆయనకు చెప్పే ధైర్యం నాకు లేదు, డాక్టరుతోనే చెప్పించండి.

నువ్వూ తమ్ముడూ భయపడి అరటిపండ్లు మానొద్దు. కిడ్నీలు బాగున్నవాళ్లకు అవి మంచివే. ఎండన పడి తోట నుంచి వచ్చాక వాడు బోండాం తాగొచ్చు. వంటకు పాత ఉప్పే వాడు, కాస్త తక్కువ వెయ్యి.

ఇంకొక మాట. డబ్బాలో మిగిలింది పొటాషే కదా అని నాయిన తీసుకుపోయి బత్తాయి మొదట్లో చల్లుతాడేమో, చూసుకో. సగం మామూలు ఉప్పు, చెట్టుకూ పడదు.

నీ పెద్దోడు