మంచు దిగకముందే బండి సిద్ధం

బెంగళూరు,
ఆదివారం రాత్రి

మామా,

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను మెకానిక్ షెడ్డులో ఉన్నా. పక్కన గ్రైండర్ మోతలో నువ్వడిగింది సగమే వినపడింది. "ఎంతకి కొన్నావు, ఎంత ఖర్చు పెట్టావు, జనవరిలో అదే బండిలో మనాలీ పోదామా" అన్నావు కదా. ఇప్పుడు పిల్లలు పడుకున్నారు, తీరిగ్గా రాస్తున్నా. నువ్వూ హైదరాబాదులో పాత బండి చూస్తున్నానన్నావు కాబట్టి కొంచెం వివరంగానే రాస్తా, ఓపిగ్గా చదువు.

కొన్నది స్కార్పియో. 2012 మోడల్, డీజిల్, లక్షా నలభై వేల కిలోమీటర్లు తిరిగింది. రెండు లక్షల ఎనభై వేలకి వచ్చింది. కొన్నాక ఇప్పటిదాకా ఇంకో డెబ్భై నాలుగు వేలు పెట్టాను. ఆ డబ్బులో ఒక్క రూపాయి కూడా బండి అందానికి పోలేదు. తలుపు మీద సొట్ట అట్లానే ఉంది, బంపర్ మీద గీతలు అట్లానే ఉన్నాయి. సీటు కవర్లు కూడా మార్చలేదు. డబ్బంతా అద్దానికి, దీపాలకి, టైర్లకి, బ్రేకులకి పోయింది. ఎందుకో చెప్తా.

పోయిన జనవరిలో నాయనకి మోకాలు చూపించాలని ఊరి నుంచి తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. అప్పుడు నా దగ్గరున్నది ఆ పాత చిన్న కారే. కొడికొండ చెక్‌పోస్టు దాటేదాకా ఆకాశంలో చుక్కలు కూడా కనపడుతున్నాయి. బాగేపల్లి దాటాక మొదలైంది మంచు. పేరేసంద్ర దగ్గరికొచ్చేసరికి బానెట్ చివర తప్ప ఏమీ కనపడట్లేదు. దానికి తోడు లోపల అద్దానికి ఆవిరి పట్టింది. ఆ కారులో హీటర్ పనిచేసేది కాదు. నాయన భుజం మీద తువ్వాలు తీసి నా ముందు అద్దం తుడుస్తూనే ఉన్నాడు. తుడిచిన ఐదు సెకన్లకి మళ్ళీ పట్టేది. అట్లా తుడుస్తుండగా, ఆయన చేతి పక్కనుంచి, నల్లగా టార్పాలిన్ కనపడింది. ఎడమ లేన్‌లోనే ఆగిపోయిన లారీ. వెనక దీపం లేదు, రిఫ్లెక్టర్ లేదు, ఒక కొమ్మ కూడా విరిచి పెట్టలేదు. బ్రేకు మీద నిలబడ్డాను. రెండు బారల దూరంలో ఆగింది బండి. నాయన ఒక్క మాట అనలేదు. ఆసుపత్రి పని అయ్యాక మాత్రం, "నువ్వింక మంచు రోజుల్లో బస్సుకి రా" అన్నాడు.

బస్సుకి కుదరదని నీకు తెలుసు. పెనుకొండలో దిగితే మన ఊరికి ఆ వేళలో ఆటో దొరకదు. సోమవారం పొద్దున తొమ్మిదికి నేను ఆఫీసులో ఉండాలి. కందికోత రోజుల్లో నాయన్ని ఒంటరిగా వదిలి ఉండలేను, ఆయన ఇక్కడికి రాడు. కాబట్టి డిసెంబరు, జనవరి రెండు నెలలూ ఆ దారిన తెల్లవారుజామున నడపక తప్పదు. ఆ లారీ వాడిది తప్పే. కానీ మామా, నా అద్దం శుభ్రంగా ఉండి, నా దీపం సరిగ్గా పడి ఉంటే ఇంకో ముప్పై మీటర్ల ముందే చూసేవాణ్ణి. గంటకి అరవైలో పోతుంటే సెకనుకి దాదాపు పదిహేడు మీటర్లు పోతాం. ఎనభైలో అయితే ఇరవై రెండు. వాతావరణ శాఖ వాళ్ళు దృశ్యత, అంటే కంటికి ఆనే దూరం, యాభై మీటర్ల లోపు పడిపోతే దాన్ని అతి దట్టమైన పొగమంచు అంటారు. ఆ యాభై మీటర్లలో చూడాలి, కాలు బ్రేకు మీదికి రావాలి, బండి ఆగాలి. లెక్క వేసుకో.

సరే, బండి వేట. మొదట చూసింది చెన్నై నంబరు బండి. ధర చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. లోపలంతా మంచి సెంటు వాసన, తళతళలాడే డాష్‌బోర్డు. మా మెకానిక్ అన్న ఏమీ మాట్లాడకుండా వెనక సీటు బెల్టు పట్టుకుని చివరిదాకా లాగాడు. చివరి జానెడు బెల్టు మీద ఎర్రమట్టి రంగులో గీత. దాని కింద బెల్టు ఒక రంగు, పైన ఒక రంగు. "బేడ సార్" (వద్దు సార్) అని వదిలేశాడు. 2015 డిసెంబరు వరదల్లో చెన్నైలో ఎన్ని కార్లు మునిగాయో మనం టీవీలో చూశాం, 2023లో మళ్ళీ అదే కథ. నీళ్ళలో మునిగిన బండి వైరింగు ఏ రోజు ఎక్కడ తుప్పు పట్టి తెగుతుందో ఎవరికీ తెలీదు. అదీ మంచులో, చీకట్లో తెగితే? నువ్వు బండి చూడ్డానికి పోతే ముందు బెల్టు లాగు. స్పేర్ టైరు గుంతలో కార్పెట్ ఎత్తి చూడు.

నేను కొన్నది బెంగళూరు బండే, కేఏ 04 నంబరు, ఒకే ఓనర్, సర్వీసు బిల్లులు ఉన్నాయి. 2027లో పదిహేనేళ్ళు నిండుతాయి, అప్పుడు ఆర్‌సీ రెన్యూవల్‌కి, పాత బళ్ళ మీద వేసే గ్రీన్ ట్యాక్స్‌కి డబ్బు పక్కన పెట్టుకోవాలి. అది తెలిసే కొన్నా.

షెడ్డుకి తెచ్చిన మొదటి రోజే రేడియేటర్ ఖాళీ చేయించాం. కింద తొట్టి పెట్టి ప్లగ్గు విప్పితే టీ రంగు నీళ్ళు వచ్చాయి మామా, అడుగున తుప్పు పొట్టు. ఎన్నేళ్ళ నుంచో కూలెంట్ (ఇంజన్ని చల్లబరిచే ద్రవం) వేయకుండా కుళాయి నీళ్ళు పోస్తూ వచ్చారు. తర్వాత టార్చి వేసి ఇంజను వెనకాల చూపించాడు మెకానిక్. ఇంజను నుంచి క్యాబిన్లోకి పోవాల్సిన రెండు హీటర్ పైపుల్ని ఒక చిన్న ముక్కతో కలిపేసి క్లాంపులు బిగించేశారు. అంటే వేడినీళ్ళు లోపలికి పోకుండా బయటే తిరిగి వెనక్కి వచ్చేస్తున్నాయి. ఎప్పుడో హీటర్ కోర్, అంటే ఆ వేడినీళ్ళతో క్యాబిన్ గాలిని వేడిచేసే చిన్న రేడియేటర్, లీకయితే, బెంగళూరులో హీటర్ ఎవరు వాడతారులే అని అలా వదిలేశారన్నమాట. మన ఊళ్ళలో పాత బళ్ళు సగం ఇట్లాగే ఉంటాయట.

నాకు అక్కడే విషయం అర్థమైంది. మనం హీటర్ అంటే చలికి కాళ్ళు కాచుకునేది అనుకుంటాం. కాదు, అది అద్దం ఆరబెట్టేది. నలుగురు ఊపిరి వదిలితే వచ్చే తేమ చల్లటి అద్దానికి తగిలి నీటి బిందువులవుతుంది. అది పోవాలంటే రెండు పనులు ఒకేసారి జరగాలి: గాలిలో తేమ తీయడానికి ఏసీ ఆన్‌లో ఉండాలి, అద్దాన్ని వేడి చేయడానికి హీటర్ నాబ్ ఎర్ర వైపు ఉండాలి. గాలి అద్దం మీదికి తిప్పి, లోపలి గాలి తిరిగే బటన్ తీసేసి బయటి గాలి రానివ్వాలి. చలికాలంలో ఏసీ ఏంటని మనవాళ్ళు ఆపేస్తారు, అక్కడే తప్పు. కొత్త హీటర్ కోర్ ఇక్కడ స్పేర్ పార్టులు అమ్మే జె.సి. రోడ్డులో రెండో షాపులోనే దొరికింది. దాన్ని బిగించడానికి మాత్రం డాష్‌బోర్డు మొత్తం విప్పాల్సి వచ్చింది. రెండు రోజులు నా బండి పళ్ళూడిన నోరులా ఉంది, ఎక్కడ చూసినా వైర్లే. చూస్తుంటే గుండె జారిపోయింది. కానీ బిగించి, కొత్త కూలెంట్ పోసి, స్టార్టు చేసి పది నిమిషాలు ఆగాక, డాష్‌బోర్డులో గాలి వచ్చే గ్రిల్ దగ్గర చేయి పెడితే వెచ్చటి గాలి తగిలింది చూడు! ఈ బండి మీద నేను పెట్టిన ఖర్చులో అంత తృప్తినిచ్చింది ఇంకోటి లేదు.

తర్వాత దీపాలు. హెడ్‌లైట్ అద్దాలు ఎండకి పసుపెక్కి, ముసలి కళ్ళలా మసకబారిపోయాయి. ఆదివారం ఇంటి ముందు నేనే కూర్చుని చేశా. చుట్టూ టేపు అంటించి, నీళ్ళు చల్లుతూ ముందు 800 నంబరు వాటర్ పేపరు (తడిపి రుద్దే గరుకు కాగితం), తర్వాత 1500, తర్వాత 2000. మొదటి పేపరు పెట్టగానే అద్దం ఇంకా తెల్లగా అయిపోయి పాడుచేశానేమో అని టెన్షన్ పడ్డా. పాలు కారినట్టు పసుపు నీళ్ళు కారుతూనే ఉన్నాయి. చివర్లో పాలిష్ పెట్టి బట్టతో రుద్దుతుంటే మెల్లగా లోపలి బల్బు స్పష్టంగా కనపడింది. మధ్యాహ్నం భోజనం కూడా మర్చిపోయా. అయితే పై పూత పోయిన అద్దం ఊరికే వదిలితే మళ్ళీ త్వరగా పసుపెక్కుతుంది, ఎండని ఆపే కోటింగ్ వేయాలి. అది వేయించా.

అందరూ పైకప్పు మీద ఎల్ఈడీ బార్ పెట్టించమన్నారు. మా చిన్న బావమరిది అయితే పట్టుపట్టాడు. నేను ఒప్పుకోలేదు. మంచులో ఎంత ఎత్తు నుంచి ఎంత వెలుగు కొడితే అంత వెలుగు ఆ బిందువుల మీద పడి మన కళ్ళలోకే తిరిగొస్తుంది. తెల్ల గోడ ఎదురుగా నిలబడినట్టుంటుంది. హై బీమ్ వేసినా అదే సంగతి. ఎదుటి బండి వాడి కళ్ళు పోవడం వేరే పాపం. ఫాగ్ లైట్ అంటే కింద బంపర్‌లో, రోడ్డుకి దగ్గరగా, వెడల్పుగా పరుచుకునేట్టు, పైకి ఎగదన్నకుండా ఉండాలి. పసుపా తెలుపా అన్నదానికంటే ఎక్కడ ఉంది, ఎట్లా పడుతోంది అన్నదే ముఖ్యం. ఈ బండికి ఫాగ్ లైట్లున్నాయి గానీ ఒకటి చిట్లిపోయింది, రెండోదాని వైరు తెగింది. రెండూ మార్పించి, గోడకి ఎదురుగా నిలబెట్టి ఎత్తు సరిచేయించా. బల్బులు కంపెనీ వాటేజీవే వేశా, వాటికి కరెంటు వదిలే స్విచ్చు, రిలే మాత్రం కొత్తది పెట్టించా. వెనక డిక్కీ తలుపుకి, బంపర్‌కి ఎర్ర రిఫ్లెక్టర్ టేపు అంటించా. ఆ రోజు ఆ లారీకి రెండు వందల రూపాయల టేపు ఉండి ఉంటే అంత గండం వచ్చేదే కాదు.

టైర్లు చూస్తే కొత్తవాటిలా నల్లగా మెరుస్తున్నాయి. పక్కన ముద్రించిన నాలుగంకెలు చదివితే 2316. అంటే 2016లో ఇరవై మూడో వారంలో తయారైనవి. పాలిష్ తుడిచి చూస్తే సన్నటి పగుళ్ళు. దూరం తక్కువ తిరిగినా రబ్బరు గట్టిపడిపోతే తడి రోడ్డు మీద పట్టు ఉండదు. నాలుగూ మార్చా, ముప్పై ఎనిమిది వేలు అక్కడే పోయాయి. టైరు గాళ్ళ లోతు 1.6 మిల్లీమీటర్లకి వచ్చేదాకా చట్టం అరగనిస్తుంది గానీ అక్కడిదాకా ఆగొద్దు. చల్లటి పొద్దున టైర్లలో గాలి కొంచెం తగ్గి చూపిస్తుంది, బయల్దేరేముందే చూసుకో. బ్రేకు ప్యాడ్లు, బ్రేకు ఆయిల్, వైపర్ బ్లేడ్లు, బ్యాటరీ కూడా కొత్తవే వేశా. వాటి గురించి చెప్పడానికేం లేదు, పాతబడితే మార్చడమే.

ఇక మనాలీ. మామా, నీ ఉత్సాహం నాకు ఇష్టం, కానీ ఈ జనవరికి వద్దు. మన మంచు వేరు, అక్కడి మంచు వేరు. ఇక్కడ కనపడకపోవడమే కష్టం. అక్కడ టైరు కింద నేల ఉండదు, గాజులాంటి గడ్డ ఉంటుంది. 2020 అక్టోబరులో మనాలీ దగ్గర అటల్ టన్నెల్ తెరిచాక 9.02 కిలోమీటర్ల సొరంగంలోంచి శీతాకాలంలో కూడా అవతలి లాహౌల్ లోయ వైపు పోతున్నారు నిజమే. మంచు పడ్డ రోజుల్లో మాత్రం నాలుగు చక్రాలూ తోసే ఫోర్ బై ఫోర్ బళ్ళనో, చక్రాలకి గొలుసులు కట్టినవాటినో వదులుతారు. నాది వెనక చక్రాలతో నడిచే బండి. గొలుసులు వెనకే కట్టాలి, కట్టడం ముందే నేర్చుకోవాలి. ఫోర్ బై ఫోర్ ఉన్నా అది బండిని కదిలిస్తుందే గానీ ఆపదు, ఆపేది టైరే.

డీజిల్ బండికి ఇంకో చిక్కు ఉంది. బాగా చలి పడితే డీజిల్లోని మైనం గడ్డకట్టి ఫిల్టర్ మూసుకుపోతుంది. మన పంపుల్లో కొట్టించిన డీజిల్‌తో అక్కడ రాత్రి ఆపితే పొద్దున స్టార్టు కాకపోవచ్చు. లద్దాఖ్ కోసం ఇండియన్ ఆయిల్ వాళ్ళు 2019లో మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని డీజిల్ తెచ్చారంటే అక్కడి చలి ఎట్లాంటిదో ఆలోచించు. సున్నా డిగ్రీల దగ్గరే బ్యాటరీ శక్తిలో దాదాపు మూడో వంతు పోతుంది. హ్యాండ్‌బ్రేకు బిగుసుకుపోతుంది, గేరులో వదిలి చక్రానికి రాయి పెట్టాలి. కూలెంట్ సగానికి సగం కలిపితే మైనస్ ముప్పై ఏడు దాకా తట్టుకుంటుంది, ఆ ఒక్కటి మాత్రం నా బండిలో ఇప్పుడు సరిగ్గా ఉంది. పైగా పదేళ్ళు దాటిన డీజిల్ బళ్ళని ఢిల్లీ చుట్టుపక్కల తిరగనివ్వొద్దని 2015లో ఉత్తర్వు వచ్చింది, ఆ నిబంధనలు తర్వాత మారుతూ వచ్చాయి. చండీగఢ్ దాకా విమానమో రైలో పట్టుకుని, అక్కణ్ణుంచి బస్సులో మనాలీ పోయి, అక్కడి డ్రైవర్‌తో తిరుగుదాం. నాకూ చూడాలనే ఉంది.

పోయిన సోమవారం మొదటిసారి మంచులో నడిపాను. నాయన్ని మళ్ళీ మోకాలికి తీసుకొస్తున్నా. పేరేసంద్ర దగ్గర అదే చోట, అదే మంచు. నలభై దాటనివ్వలేదు. లో బీమ్, ఫాగ్ లైట్లు వేశా. నాలుగు ఇండికేటర్లూ వేసుకుని నడపలేదు, అవి వేస్తే మనం ఎటు తిరుగుతున్నామో వెనకవాడికి తెలీదు. ఎడమ అంచు తెల్లగీత స్పష్టంగా కనపడుతోంది, దాన్నే పట్టుకుని వచ్చా. నాయన అలవాటుగా తువ్వాలు తీసి ముందుకు వంగాడు. అద్దం మీద వేలితో రాసి చూసుకున్నాడు, పొడిగా ఉంది. తువ్వాలు మడిచి మళ్ళీ భుజం మీద వేసుకుని, దేవనహళ్ళి వచ్చేదాకా కందిపప్పు రేటు గురించి మాట్లాడుతూ కూర్చున్నాడు.

సంక్రాంతికి నువ్వు కర్నూలు మీదుగా, నేను ఇటునుంచి, ఇద్దరం 44వ జాతీయ రహదారి మీదే కదా వచ్చేది. రాత్రి పూట బయల్దేరొద్దు, పొద్దెక్కాక కదులు, మధ్యాహ్నానికి వచ్చినా పర్లేదు. ఈలోపు నీ బండి టైర్ల మీది నాలుగంకెలు ఫోటో తీసి పంపు. వదినని, పిల్లల్ని అడిగానని చెప్పు.

నీ
శీను