అమ్మవారి నగలకు బంగారు పూత: జమా ఖర్చుల వివరణ

కాలనీవాసులకు, భక్తులకు నమస్కారం.

బోనాల తర్వాత అమ్మవారి నగల కోసం మీరు ఇచ్చిన డబ్బు లెక్క ఇది. పని పూర్తయి సెప్టెంబర్ 17న నగలు గుడికి వచ్చాయి. 22న నవరాత్రులు మొదలవుతాయి కాబట్టి ఆ లోపే లెక్క మీ ముందు పెడుతున్నాం. చందా అడిగినప్పుడు "పాలిష్ పట్టించడానికి" అని చెప్పాం. చేయించింది మాత్రం పాలిష్ కాదు, పూర్తిగా కొత్త పూత. అందుకే ఆ సంగతి ముందు చెబుతున్నాం.

అమ్మవారి నగలు రాగి రేకు మీద బంగారు పూత వేసినవని మీకు తెలుసు. బోనాల రోజు రాత్రి అలంకారం తీస్తుంటే కిరీటం వెనక, తీగ బిగించి కట్టే చోట, వెంట్రుక మందాన ఎర్రటి గీత కనపడింది. కుంకుమ అనుకుని తుడిస్తే పోలేదు. పంతులు గారు టార్చి పట్టుకుని చూసి, "ఇది రాగి నాయనా" అన్నారు. వడ్డాణం అంచులు, హస్తాల వేళ్ల కొసలు కూడా అలాగే ఉన్నాయి. ఏళ్ల తరబడి నగలన్నీ ఒకే స్టీలు డబ్బాలో ఒకదాని మీద ఒకటి పడేసి ఉంచాం. ప్రతి పండక్కీ చింతపండు పెట్టి, ఇత్తడి సామాను తోమే పౌడర్ వేసి తోమాం. భక్తితోనే తోమాం, కానీ పూత అరిగింది ఆ తోముడుకే. ఈ తప్పు కమిటీదే.

ముందు వడ్డాణం ఒక్కటి నగరంలోని ఒక దుకాణంలో ఇచ్చి చూశాం. "ముంచి తీస్తే కొత్తదైపోతుంది" అన్నారు, 4,500 తీసుకున్నారు. వరలక్ష్మీ వ్రతం నాటికి ధగధగలాడింది. రెండు వారాలు తిరక్కుండానే అంచుల్లో మళ్లీ ఎరుపు తేలింది. అడిగితే గ్యారంటీ ఇవ్వలేదన్నారు, డబ్బు తిరిగి రాలేదు. ఆ 4,500 కూడా ఖర్చులోనే చూపించాం.

తర్వాత సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లోనూ, చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్ గల్లీల్లోనూ నలుగురైదుగురిని అడిగాం. గుల్జార్ హౌజ్ వైపు ఒక పెద్ద ఉస్తాద్ గారు మాట చెప్పకుండా చేసి చూపించారు. హస్తం లోపలి వైపు, బయటికి కనపడని మూలను, పాలిష్ పట్టడానికి గిర్రున తిరిగే బఫ్ చక్రానికి ఒక్క క్షణం ఆనించారు. పసుపు రంగు ఊదేసినట్టు పోయి రాగి మెరిసింది. గీత లోతు పూత మందం కంటే ఎక్కువ. గీత పోయేదాకా అరగదీస్తే చుట్టూ ఉన్న బంగారమే ముందు పోతుంది. గిల్టు నగ మీద గీత పోవాలంటే పాత పూత తీసేసి, రాగిని నున్నగా చేసి, నికెల్ పొర వేసి, దాని మీద బంగారం ఎక్కించాలి. నికెల్ లేకపోతే రాగి నెమ్మదిగా బంగారంలోకి చేరి రంగు మార్చేస్తుంది.

బంగారం ఎంత పడుతుందో లెక్క వేసుకున్నాం. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 100 చదరపు సెంటీమీటర్ల మీద ఒక మైక్రాన్ మందం వేయాలంటే సుమారు 0.193 గ్రాము బంగారం కావాలి. చేతులు ఎక్కువగా తగిలే కిరీటం, హస్తాలు, వడ్డాణానికి రెండు మైక్రాన్లు, మిగతా వాటికి ఒకటి అనుకున్నాం. ఉస్తాద్ గారు 6.2 గ్రాములు పడుతుందన్నారు. నికెల్ పొర అయ్యాక ఒకసారి, బంగారం ఎక్కాక ఒకసారి, రెండుసార్లూ కమిటీ సభ్యుల ముందే తూకం వేయించాం. పెరిగింది 6.1 గ్రాములు. దానికే డబ్బు కట్టాం.

ఇక జమ. నగదుగా 41,300, ఫోన్‌పే, గూగుల్‌పే ద్వారా 68,450, కుంకుమార్చన చేసుకునే ఆడవాళ్ల బృందం నుంచి 15,000 వచ్చాయి. ఒక పెద్దావిడ తెగిన కమ్మ తెచ్చి, "ఇది అమ్మ ఒంటి మీదే ఉండాలి" అని చేతిలో పెట్టారు. పూతకు వాడేది బంగారు లవణం కలిపిన ద్రావణం, అందులో ఆమె బంగారమే ఉంటుందని చెప్పలేం. ఆ మాట దాచకుండా ఆమెకు చెప్పాం. ఆమె ఒప్పుకున్నాకే, ఆమె ఎదుటే 1.6 గ్రాముల ఆ కమ్మను అమ్మితే 13,600 వచ్చింది. అది మొత్తం బంగారం ఖర్చుకే వెళ్లింది. జమ మొత్తం 1,38,350 రూపాయలు.

ఖర్చు, పన్నులతో కలిపి:

బంగారం 6.1 గ్రాములు, గ్రాముకు 10,450 చొప్పున: 63,745
పాత పూత తీయడం, బఫింగ్, నికెల్, పూత కూలి: 18,500
రాళ్లు తీసి మళ్లీ పొదగడం: 14,200
కిరీటం కొక్కేనికి అతుకు: 2,400
మొదటి దుకాణానికి: 4,500
చెక్క పెట్టె, మెత్తటి గుడ్డ సంచులు: 9,800
ఆటోలు: 2,360
రసీదు పుస్తకాలు: 1,250
మొత్తం: 1,16,755

రాళ్ల ఖర్చు గురించి ఇద్దరు ముగ్గురు అడిగారు. కెంపులు, పచ్చలు లక్కలో కూర్చి ఉన్నాయి. బఫ్ వేడికి లక్క కరుగుతుంది, ద్రావణంలో ముంచితే రాయి మసకబారుతుంది. అందుకని ప్రతి రాయీ తీసి, లెక్కపెట్టి, విడిగా కాగితాల్లో చుట్టి పెట్టాల్సి వచ్చింది. ఊడిపోయిన 46 రాళ్ల చోట కొత్తవి వేశారు.

పెట్టెలో ఒక్కో నగకు ఒక్కో అర ఉంది. ఇకపై అభిషేకానికి ముందే నగలు తీసేస్తాం. అలంకారం తీశాక మెత్తటి నూలు గుడ్డతో కుంకుమ, చెమ్మ అద్ది తీయడమే, రుద్దడం లేదు. ఇనుప తీగ బదులు నూలు నాడాతో కడతాం. దయచేసి ఎవరూ నిమ్మకాయ, చింతపండు, పౌడర్ తీసుకురావద్దు.

మిగిలింది 21,595. దీన్ని నవరాత్రి లైటింగ్‌కు వాడమని కొందరు అన్నారు. నగల కోసమని ఇచ్చిన డబ్బును దానికి మళ్లించడం మాకు సరిగా అనిపించలేదు. అమ్మవారి పాదాల తొడుగులు వెండి మీద పూత వేసినవి, ఇప్పటికే నల్లబడుతున్నాయి. ఈసారి వాటిని ముట్టుకోలేదు. దసరా అయ్యాక ఖర్చు ఎంతో కనుక్కుని, సభలో మీ ఆమోదం తీసుకుని ఈ సొమ్ముతో ఆ పని చేయిస్తాం. అప్పటిదాకా అది కమిటీ బ్యాంకు ఖాతాలోనే ఉంటుంది.

బిల్లులు, తూకం చీటీలు, రసీదుల నకళ్లు గుడి ఆఫీసులో ఉన్నాయి. సాయంత్రం హారతి తర్వాత ఎవరైనా వచ్చి చూడొచ్చు. మీ పేరు మీద రాసిన డబ్బు అంకె తప్పు పడితే రసీదు తెచ్చి చూపించండి, అక్కడికక్కడే సరిచేస్తాం.

కోశాధికారి, ఆభరణాల కమిటీ తరఫున
19-09-2025